గాజుపలక వయసు చెప్పిన న్యాయవాది చార్లెస్ విన్‌స్టన్

పాత జమీందారీ లోగిళ్లలోను, కొన్ని పెద్ద మేడలలోను తలుపుల పైభాగాన ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు గాజుముక్కలు పొదిగి ఉండడం మన పాఠకులలో పెద్దవారు చూసే ఉంటారు. ఉదయపు ఎండ వాటిగుండా ప్రసరించి నేలమీద రంగుల మచ్చలుగా పడుతుంటే, ఆ మచ్చలను చేతితో పట్టుకోవాలని చూసిన బాల్యం ఎందరికో గుర్తుండవచ్చు. అవి ఉత్త రంగుగాజులు. వాటిమీద బొమ్మలుండవు. అటువంటి గాజుముక్కలమీదనే కుంచెతో ముఖాలు, వేళ్లు, వస్త్రాల మడతలు చిత్రించి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి కూర్చి కిటికీగా నిలబెడితే దానిని చిత్రిత గాజు అంటారు. ఇంగ్లీషువారి స్టెయిన్డ్ గ్లాస్ అదే. తెలుగునేలమీద దానిని చూడగోరేవారు మెదక్ వెళితే చాలును. 1924లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి చర్చిలో క్రీస్తు చరిత్రను చూపే మూడు పెద్ద గాజు కిటికీలున్నాయి.

మెదక్ కిటికీల వయసు చెప్పడానికి పండితులు అక్కరలేదు. అవి 20వ శతాబ్దివని అందరికీ తెలుసు. ఐరోపాలోని సంగతి అలా కాదు. అక్కడ ఒకే కిటికీలో 13వ శతాబ్దపు ముక్క పక్కన 15వ శతాబ్దపు ముక్క, దాని కింద నిన్న మొన్న మరమ్మతు చేసినవాడు పెట్టిన ముక్క కలగలిసి ఉంటాయి. చేసినవాడు సంతకం పెట్టడు. సంవత్సరం వ్రాయడు. అటువంటి గాజును చూసి ఇది ఏ కాలపుది, ఇందులో అసలు ఎంత, అతుకు ఎంత అని తేల్చే పద్ధతిని ఇంగ్లండులో మొట్టమొదట గట్టి పునాదిమీద నిలబెట్టినవారు చార్లెస్ విన్‌స్టన్. విచిత్రమేమంటే ఆయన చిత్రకారుడు కాదు, గాజు పనివాడు కాదు. వృత్తిరీత్యా న్యాయవాది.

విన్‌స్టన్ 1814 డిసెంబరులో ఇంగ్లండులో ఒక మతగురువు ఇంట జన్మించారు. తండ్రి ఆరాధన జరిపే చర్చి, ఆ చర్చికి గాజు కిటికీ అన్నది ఆయనకు చిన్ననాటినుంచీ కంటికి అలవాటైన దృశ్యం. న్యాయశాస్త్రం చదివి లండనులో వృత్తి చేపట్టినా, తీరిక దొరికినప్పుడల్లా ఊరూరా తిరిగి పాత చర్చిల కిటికీలను పరిశీలించడం ఆయనకు వ్యసనమైంది. ఊరకే చూసి మెచ్చుకొని వచ్చే రకం కాదు. గాజుమీది గీతలను కాగితంమీదికి ఎత్తి, రంగులు వేసి, సీసపు పట్టీ ఎక్కడ మలుపు తిరిగినదీ, ఏ ముక్క పగిలినదీ, ఏది తరువాత అతికినదీ కూడ గుర్తించేవారు. అటువంటి చిత్రాలు ఆయన చేతిమీదుగా వందల సంఖ్యలో తయారయ్యాయి.

ఆ కాలంలో ఈ పనికి ఉన్న తొందర ఏమిటో చెప్పుకోవాలి. 16వ శతాబ్దపు మతసంస్కరణలోను, 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలోను విగ్రహారాధన పేరుతో ఇంగ్లండులో లెక్కకు మించిన గాజు పగిలిపోయింది. మిగిలినదానికి 19వ శతాబ్దంలో మరొక గండం వచ్చింది. అది ద్వేషంతో వచ్చినది కాదు, ప్రేమతో వచ్చినది. మధ్యయుగాల వాస్తుమీద మోజు పెరిగి, చర్చిలన్నిటినీ బాగుచేయాలన్న ఉత్సాహం దేశమంతటా వ్యాపించింది. బాగుచేయడమంటే పాత మసక గాజును ఊడదీసి, తళతళలాడే కొత్త గాజు పెట్టడమని చాలామంది భావించారు. వించెస్టర్ కళాశాల ప్రార్థనాలయంలో 1390ల నాటి గాజు ఉండేది. 1820లలో దానిని ష్రూస్‌బరీలోని ఒక కార్ఖానాకు మరమ్మతు నిమిత్తం పంపితే, తిరిగివచ్చి కిటికీలకెక్కినవి దాదాపు అన్నీ కొత్తగా చేసిన నకళ్లే. అసలు గాజు పలుచోట్లకు చెదిరిపోయింది. దానిలో కొన్ని బొమ్మలు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని 20వ శతాబ్దంలో కళాశాలకు తిరిగి చేరాయి. తాత కట్టించిన గుడిలో రాతి విగ్రహాన్ని శుభ్రం చేయించడానికి ఇచ్చి, సిమెంటు విగ్రహాన్ని తెచ్చుకున్నట్టయింది వారి పని.

అసలుకు నకలుకు తేడా చెప్పగలిగే కొలబద్ద ఒకటి ఉంటే తప్ప ఈ నష్టం ఆగదు. ఏది పాతదో తెలియనివాడు దేనిని కాపాడగలడు? ఆ కొలబద్దను తయారుచేయడమే విన్‌స్టన్ జీవితకాలపు కృషి. 1840లలో ఇంగ్లండులోని పురావస్తు సంఘంవారు ఏటేటా ఒక్కొక్క నగరంలో సభలు జరిపేవారు. 1845లో వించెస్టర్, 1846లో యార్క్, 1848లో లింకన్. విన్‌స్టన్ ఆయా నగరాల గాజుచిత్రాలను ముందుగా చూసి వచ్చి, ఒక్కొక్క కిటికీని గురించి వ్యాసాలు సమర్పించారు. 1847లో ఆయన పెద్ద గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడింది. ఒకదానిలో వివరణ, రెండవదానిలో చిత్రాలు. పాత గాజుచిత్రాలలో శైలీభేదాలను గురించిన విచారణ అన్నది దాని విషయం. గ్రంథకర్త పేరు వేయవలసిన చోట ఆయన తన పేరు వేయలేదు. ఒక ఔత్సాహికుడు వ్రాసినది అని మాత్రమే వేయించారు.

ఆ గ్రంథంలో ఆయన ఇంగ్లండు గాజును కాలానుసారంగా విభజించారు. సుమారు 1280 వరకు మొదటి శైలి. అక్కడినుంచి 1380 వరకు రెండవది. 1380నుంచి 1530 వరకు మూడవది. 16వ శతాబ్దపు మొదటి భాగంలో ఇటలీ ప్రభావంతో వచ్చినది నాలుగవది. ఆ పిమ్మట వచ్చినదంతా ఒక నడిమి రకం. చర్చిల రాతికట్టడపు శైలులకు అంతకుముందే ఉన్న పేర్లనే మొదటి మూడింటికీ వాడారు. పేర్లు అరువైనా పరిశీలన సొంతం. రాయికి గాజుకు ఎక్కడ పొత్తు కుదిరింది, ఎక్కడ గాజు రాతికన్న వెనుకబడింది అన్నది ఆయన కిటికీ కిటికీకీ చూసి చెప్పారు.

అసలు సంగతి ఆ సంవత్సరాల పట్టికలో లేదు. ఒక పలక చేతికి వస్తే దానిని ఎలా చదవాలన్నదానిలో ఉంది. మన ఊళ్ల పొలిమేరలలో నిలిచిన శాసనాలను పండితులు చదవడం కొందరు చూసే ఉంటారు. శకసంవత్సరం చెరిగిపోయినా, తలకట్టు తీరును, అక్షరాల వంపును బట్టి ఇది ఫలానా శతాబ్దపు లిపి అని తేలుస్తారు. గాజును చదవడం కూడ అటువంటిదే. అయితే గాజులో లిపి ఒక్కటే కాదు, పది రకాల సాక్ష్యాలున్నాయి. వాటిలో ముఖ్యమైనవాటిని, విన్‌స్టన్ చెప్పినవీ తరువాతివారు చేర్చినవీ కలిపి, ఇక్కడ కొంచెం నింపాదిగా చూద్దాం.

మొదటి సాక్షి పసుపు రంగు. తొలినాటి గాజులో ప్రతి రంగుకూ ఒక ప్రత్యేకమైన ముక్క ఉండేది. కరిగిన గాజు మూసలో ఉండగానే లోహాన్ని కలిపి రంగు తెప్పించేవారు. నీలానికి కోబాల్టు, ఎరుపుకు రాగి, ఊదాకు మాంగనీసు. పసుపు కావాలంటే పసుపుగాజు ముక్కను కోసి, సీసంతో అతకవలసిందే. 14వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఒక కొత్త ఉపాయం బయటపడింది. తెల్లగాజు వెనుకవైపున వెండితో చేసిన లేపనం పూసి కాలిస్తే, ఆ చోటు పారదర్శకమైన పసుపుగా మారుతుంది. అప్పటినుంచి రాజు ముఖము, కిరీటము, జుట్టు ఒకే ముక్కమీద సాధ్యమయ్యాయి. కనుక తెల్లముక్కమీద వెండి పసుపు కనిపించిందంటే, ఆ ముక్క 1300కు ముందుది కానేరదు. అమ్మేవాడు 12వ శతాబ్దమని ఎంత ఒట్టు పెట్టినా సరే.

రెండవది ఎరుపు. రాగితో వచ్చే ఎరుపు ఎంత చిక్కనిదంటే, పలక మందమంతా ఎరుపే అయితే వెలుతురు దూరదు, నల్లగా కనిపిస్తుంది. అందుచేత తెల్లగాజుమీద పలుచని ఎర్రపొర వచ్చేట్టు చేసేవారు. చాలా పాత ఎరుపులలో ఆ పొరలు వెంట్రుకలవలె సన్నగా, ఒకదానిపై ఒకటి అనేకంగా ఉంటాయి. తరువాతికాలంలో ఒకే పొర. 15వ శతాబ్దానికి ఆ పొరను అక్కడక్కడ గీకి, కింది తెలుపును బయటపెట్టి, దానికి వెండి పసుపు పట్టించి, ఎర్రని నేలమీద బంగారు సింహాన్ని తెప్పించడం పరిపాటి అయింది. పలక అంచును పక్కనుంచి చూస్తే పొరల సంగతి తెలిసిపోతుంది. కిటికీకి బిగించి ఉన్నప్పుడు మాత్రం ఆ అంచు సీసం లోపల దాగి ఉంటుంది.

మూడవది నీడలు వేసిన తీరు. గాజుమీద చిత్రించే రంగు నిజానికి ఒక్కటే. ఇనుము లేదా రాగి బూడిదను గాజుపొడితో కలిపి నూరిన గోధుమనలుపు రంగు. దానిని తొలినాళ్లలో కుంచెతో పలుచగా పూసి వదిలేవారు. 14వ శతాబ్దం చివరకు, 15వ శతాబ్దంలోను, తడిగా ఉండగానే కుంచె కొనతో పొడిచి పొడిచి చుక్కచుక్కలుగా చేసే పద్ధతి వచ్చింది. చుక్కల మధ్యనుంచి వెలుగు తొంగిచూస్తుంది గనుక నీడ మృదువుగా ఉంటుంది. పూత నీడ, పొడుపు నీడ అని ఈ రెండింటినీ వేరుచేసి, వాటి కాలాలను నిర్ణయించడం విన్‌స్టన్ చూపు ఎంత సూక్ష్మమైనదో తెలుపుతుంది. 16వ శతాబ్దపు నడుమనుంచి ఎనామిల్ రంగులు రంగప్రవేశం చేశాయి. తెల్లగాజుమీద నీలాన్నీ ఆకుపచ్చనూ కుంచెతోనే పూయవచ్చు, సీసపు గీతల పని తగ్గుతుంది. సౌకర్యం పెరిగింది, కాంతి తరిగింది. పైగా అవి కాలక్రమాన పొలుసులుగా రాలిపోతాయి. రంగు పలకలో కలిసి ఉన్నదా, పైన పూసి ఉన్నదా అన్నది చూడగానే వేయవలసిన ప్రశ్న.

ఇక చిత్రంలోని వస్తువులు. తొలి గాజులో ఆకులు కల్పితమైనవి. ఏ చెట్టువో చెప్పలేము. 13వ శతాబ్దం చివర హఠాత్తుగా ఓక్ ఆకులు, మేపుల్ ఆకులు, ఐవీ తీగలు ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తాయి. ముఖానికి, చేతులకు తొలికాలంలో లేత గులాబి గాజు వాడేవారు. 14వ శతాబ్దంలో క్రమంగా తెల్లగాజు వచ్చింది. అక్షరాలు కూడ గుండ్రని పెద్దబడి నుంచి కోణాలు గల నల్లబడికి మారాయి. కవచాలు, తలపాగాలు, చెప్పుల ముక్కులు అన్నీ కాలాన్ని పట్టిచ్చేవే.

సీసపు పట్టీలను, గాజు అంచులను కూడ చూడాలి. వజ్రపుమొనతో గాజు కోయడం రాకముందు, కాల్చిన ఇనుపకడ్డీతో గాజును చీల్చి, ఒక గాటు గల ఇనుప పనిముట్టుతో అంచును కొరికి కొరికి ఆకారం తెచ్చేవారు. ఎలుక కొరికిన అప్పడంలా ఉంటుంది ఆ అంచు. వజ్రంతో కోసినది నున్నగా ఉంటుంది. సీసపు పట్టీని పూర్వం అచ్చులో పోసేవారు. తరువాత చక్రాల మధ్యనుంచి లాగే మర వచ్చింది, ఆ చక్రపు పళ్ల గుర్తులు పట్టీ లోపల మిగులుతాయి. అయితే సీసం శతాబ్దానికో రెండు శతాబ్దాలకో మార్చవలసినది. కొత్త సీసం ఉన్నంత మాత్రాన గాజు కొత్తది కాదు, పాత సీసంలో కొత్త ముక్కను ఇరికించడమూ కష్టం కాదు.

ఇక్కడ ఒక అపోహను తీసివేయాలి. పాత గాజు కింది అంచు దళసరిగా ఉంటుందనీ, గాజు తేనెవలె వందల ఏళ్లపాటు మెల్లగా కిందికి జారడమే దానికి కారణమనీ బడిపుస్తకాలు చదివినవారు కూడ చెబుతుంటారు. అది నిజం కాదు. మామూలు ఉష్ణోగ్రతలో గాజు కొన్ని శతాబ్దాలలో కంటికి కనిపించేటంతగా జారదు. నోటితో ఊది చేసిన గాజు ఎప్పుడూ ఒకే మందంలో రాదు. ఒక చోట పలుచన, ఒక చోట దళసరి. అంచు మందాన్ని బట్టి వయసు చెప్పేవాడిని నమ్మనక్కరలేదు. వెలుపలివైపు వాన తినేసిన గుంటలు కొంత నమ్మదగినవే. కట్టెబూడిద కలిపి చేసిన మధ్యయుగపు గాజు తేమకు గుంటలుపడుతుంది. కాని ఆ గుంటలను ఆమ్లంతో సృష్టించడమూ, మసిని పూసి కాల్చడమూ మోసగాళ్లకు తెలియని విద్యలు కావు.

ఇంత జాబితా చెప్పినా, వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను తీర్పు కాదు. కోర్టులో ఒక సాక్షి మాట మరొక సాక్షి మాటతో సరిపడాలి. విన్‌స్టన్ న్యాయవాది కావడం ఇక్కడ ఎంతో అక్కరకు వచ్చిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆయన పద్ధతి పరాకాష్ఠకు చేరిన చోటు గ్లాస్టర్.

గ్లాస్టర్ ప్రధానాలయపు తూర్పు కిటికీ 70 అడుగులకు పైగా ఎత్తు, 38 అడుగుల వెడల్పు గలది. ఆ ఆలయం 14వ శతాబ్దంలో బెనెడిక్టు సంప్రదాయపు మఠం. కిటికీ నిండా అంతస్తులుగా దేవదూతలు, అపొస్తలులు, పునీతులు, రాజులు. ఎక్కువ భాగం తెలుపు, వెండి పసుపు. వెనుక నీలము, ఎరుపు. దానిని ఎప్పుడు చేశారన్నది ఎక్కడా వ్రాసిలేదు. 1860ల మొదట్లో ఆ గాజుకు కొత్త సీసం వేసే పని జరిగింది. దానివల్ల గాజును దగ్గరగా చూసే అవకాశం విన్‌స్టన్‌కు దొరికింది. ఆయన పరిశోధన 1863లో వ్యాసంగా అచ్చయింది. కిటికీ కిందివరుసలలో వంశచిహ్నాలు గల డాళ్లున్నాయి. ఏ డాలు ఎవరిదో ఒక్కొక్కటే తేల్చుకుంటూపోతే, ఆ ప్రభువులలో చాలామంది 1346లో ఫ్రాన్సులోని క్రెసీ రణరంగంలో మూడవ ఎడ్వర్డు రాజు వెంట నడిచినవారని తేలింది. ఒకే తరంలో, అదీ కొద్ది సంవత్సరాలపాటు మాత్రమే, వీరందరి పేర్లు ఒక చోట చేరడానికి అర్థముంది. దీనికి గాజు రంగులు, నీడల తీరు, కిటికీ రాతిపని అన్నీ తోడు పలికాయి. క్రెసీ యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లలో, అంటే 1340ల చివర ఈ కిటికీ తయారైందని విన్‌స్టన్ నిర్ణయించారు. నూటయాభై ఏళ్లకు పైగా గడచిన తరువాత కూడ పండితులు దానిని 1350 ప్రాంతానికే కట్టుబరుస్తున్నారు. ఆ మరమ్మతులో పగిలిన బొమ్మలను కొత్తగా చిత్రించి పూరించకుండా, ఉన్న గాజును ఉన్నట్టుగా నిలిపారు. ఆ కాలపు అలవాటును బట్టి చూస్తే ఇది చాలా అరుదైన సంయమనం.

గ్లాస్టరు కన్న సుమారు పదేళ్ల ముందునుంచీ విన్‌స్టన్ మరొక పనిలో కూడ మునిగి ఉన్నారు. తన కాలపు గాజుచిత్రాలు ఎంత నేర్పుగా గీసినా పేలవంగా ఎందుకుంటాయన్న ప్రశ్న ఆయనను వదలలేదు. లోపం చిత్రకారునిది కాదు, గాజుదే అని ఆయన గ్రహించారు. 19వ శతాబ్దపు కార్ఖానాల గాజు మరీ స్వచ్ఛం, మరీ సమం. వెలుతురు దానిలో ఎక్కడా ఆగదు, సూటిగా దూసుకుపోతుంది. పాత గాజులోని బుడగలు, చారలు, ఎత్తుపల్లాలు వెలుతురును పట్టి నిలుపుతాయి. ఆ గాజు రహస్యం తెలుసుకోవడానికి ఆయన 1850 ప్రాంతంలో పాతగాజు తునకలను మెడ్‌లాక్ అనే రసాయనశాస్త్రజ్ఞునికి ఇచ్చి విశ్లేషణ చేయించారు. నీలానికి మూలం కోబాల్టేనని తెలిసింది. ఆ ఫలితాలను పట్టుకొని లండనులోని వైట్‌ఫ్రయర్స్ గాజు కార్ఖానా యజమానులైన పావెల్ సంస్థవారితో కలిసి ప్రయోగాలు సాగించారు. కొంతకాలానికి మధ్యయుగపు నిగారింపును చాలావరకు పోలిన గాజు సిద్ధమైంది. ఆ దారిన వచ్చిన చేతిగాజుకు వ్యాపారంలో యాంటిక్ గాజు అన్న పేరు స్థిరపడింది.

ఈ పేరు చాలామందిని పొరపాటుపడేట్టు చేస్తుంది. యాంటిక్ గాజు అంటే పురాతనమైన గాజు కాదు. పాత పద్ధతిలో నోటితో ఊది చేసిన కొత్త గాజు. దుకాణంవాడు ఆ మాట అంటే వయసు చెప్పినట్టు కాదు, రకం చెప్పినట్టు. విన్‌స్టన్ జీవితంలోని చిక్కుముడి కూడ ఇక్కడే ఉంది. పాతదానిని కొత్తదానినుంచి వేరుచేయడానికి జీవితం ధారపోసిన మనిషి, పాతదానివలె కనిపించే కొత్తదానిని తయారుచేయడానికి దోహదం చేశారు. ఆయన ఉద్దేశం మోసం కాదు. కొత్త కిటికీలు అందంగా ఉండాలన్నదే. కాని ఆ మీదట వచ్చిన నేర్పుగల మరమ్మతుదారుల చేతిలో మంచి గాజు పడినప్పుడు అసలు ఏదో, అతుకు ఏదో గుర్తించడం ముందుకన్న కష్టమైంది. కాంటర్‌బరీ ప్రధానాలయంలో 19, 20 శతాబ్దాలలో చేసి పెట్టిన కొన్ని పలకలను మధ్యయుగపువిగానే చాలాకాలం లెక్కించారు. వాటిని విడదీయడానికి తరువాతి పండితులు ఎంతో శ్రమపడవలసి వచ్చింది.

ఆయన పొరపాట్లు కూడ చెప్పుకోవాలి. 16వ శతాబ్దపు మొదటి యాభై ఏళ్ల గాజే ఈ కళకు శిఖరమని ఆయన దృఢంగా నమ్మారు. అందువల్ల తొలినాటి గాజులోని బిగువును కొంత చిన్నచూపు చూశారు. మధ్యయుగపు బొమ్మల వంకరలను అనుకరించడం ఆయనకు గిట్టేది కాదు. తన కాలపు చిత్రకారుడు తన కాలపు తీరులోనే గీయాలన్నది ఆయన సిద్ధాంతం. ఆలోచన మంచిదే. ఆ సిద్ధాంతంతోనే, స్కాట్లండులోని గ్లాస్గో ప్రధానాలయానికి కొత్త కిటికీలు కావలసివచ్చినప్పుడు, జర్మనీలోని మ్యూనిక్ రాజాస్థానపు గాజు కార్ఖానాకు పని ఇవ్వడాన్ని ఆయన సమర్థించారు. 1859, 1864 మధ్య ఆ కిటికీలు వచ్చాయి. గీత చక్కనిది, కూర్పు గంభీరమైనది. అయితే గాజుమీద వేసిన రంగు నిలవలేదు. కొన్ని దశాబ్దాలలోనే మసకబారి రాలిపోసాగింది. 20వ శతాబ్దంలో వాటిలో చాలావాటిని దించివేశారు. ఆరువందల ఏళ్ల నాటి గాజు వయసును చెప్పగలిగిన కంటికి, ఎదుటనున్న కొత్త గాజు ఆయుస్సు అందలేదు. స్వదేశపు కళాకారులను కాదని విదేశీయులకు పని ఇచ్చారన్న రచ్చ ఆనాడు చాలా జరిగింది గాని, కాలం తీర్చిన తగవు మాత్రం రంగు నిలకడ మీదనే.

మధ్యయుగపు పనివారి రహస్యాలను వారి మాటల్లోనే తెలుసుకోవాలన్న తపన ఆయనకు ఉండేది. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి లాటిన్‌లో వ్రాసిన కళాగ్రంథంలో గాజుపనికి ఒక అధ్యాయమంతా ఉంది. బూడిద ఎలా కాల్చాలి, సుద్ద పూసిన బల్లమీద బొమ్మ ఎలా గీసుకోవాలి, గాజును వేడి ఇనుముతో ఎలా చీల్చాలి అన్నది అందులో వరుసగా ఉంటుంది. విన్‌స్టన్ తన 1847 గ్రంథానికి ఆ భాగాన్ని అనుబంధంగా ఇంగ్లీషులో అందించారు. చదివినదానిని కిటికీతో పోల్చి చూడడం, కిటికీలో చూసినదానిని మూసలో పరీక్షించడం ఆయన నడిచిన బాట.

ఆ బాట ఇప్పటికీ సాగుతోంది. రెండవ ప్రపంచ యుద్ధంలో అపారమైన నష్టం చూసిన ఐరోపా పండితులు, మిగిలిన మధ్యయుగపు గాజునంతా దేశదేశాన పట్టిక వేసే బృహత్తర ప్రణాళికను చేపట్టారు. అది ఇంకా ముగియలేదు. కాంటర్‌బరీలో క్రీస్తు పూర్వీకులను చూపే బొమ్మల వరుస ఒకటి ఉంది. 1174లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ బొమ్మలన్నీ దాని తరువాత చేసినవేనని అందరూ అనుకునేవారు. వాటిలో కొన్ని శైలిని బట్టి అంతకుముందువి కావచ్చునని 1980లలో ఒక కళాచరిత్ర పండితురాలు సూచించారు. గాజును తునక కూడ తీయకుండా, కిటికీకి ఉన్నదానిని ఉన్నట్టుగానే ఎక్స్‌రే పరికరంతో పరీక్షించి, 2021లో ప్రకటించిన ఫలితాలు ఆమె ఊహను బలపరిచాయి. నాతాను ప్రవక్త బొమ్మతో సహా కొన్ని 1130, 1160 సంవత్సరాల మధ్యవి కావచ్చునట. అంటే ఇంగ్లండులో నిలిచి ఉన్న అతి పాత గాజుచిత్రాలలో అవి చేరతాయి. అగ్నినుంచి ఎవరో వాటిని కాపాడి, కొత్త కట్టడంలో మళ్లీ పెట్టారన్నమాట. మొదట కన్ను అనుమానించింది, తరువాత రసాయనం సాక్ష్యం చెప్పింది. విన్‌స్టన్, మెడ్‌లాక్ కలిసి చేసిన పనికి ఇది దూరపు చుట్టమే.

విన్‌స్టన్ 1864 అక్టోబరులో మరణించారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు నిండలేదు. గ్లాస్టర్ వ్యాసం అచ్చయి ఏడాది మాత్రమే గడిచింది. పలుచోట్ల చెదిరి ఉన్న ఆయన వ్యాసాలను మిత్రులు పోగుచేసి 1865లో ఒక సంపుటంగా ప్రచురించారు. ఈసారి అట్టమీద ఆయన పేరు ఉంది. ఏళ్ల తరబడి ఆయన స్వయంగా వేసిన గాజుచిత్రాల నకళ్లు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. నేడు అవి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆయన చూసిన తరువాత పగిలినవి, మారినవి, మాయమైనవి ఎన్నో. అటువంటి కిటికీ ఒకటి మరమ్మతుకు వచ్చినప్పుడు, ఫలానా ముక్క 1840లలో ఎలా ఉండేదో తెలియాలంటే, పనివారు ఇప్పటికీ ఆ కాగితాలనే తెరచి చూస్తారు.